నమూనా లేని స్నేహకంకణం

మానవ జీవితంలో దారానికున్న స్థానం వస్త్రంతో ముగిసిపోదు. పుట్టిన బిడ్డకు మొలతాడు, పెండ్లిపీటల మీద కంకణం, వరలక్ష్మీ వ్రతం నాడు 9 ముడుల తోరం, అనంత వ్రతం నాడు 14 ముడుల తోరం, దూరప్రయాణానికి బయలుదేరే వారి జబ్బకు ముస్లిం కుటుంబాలలో కట్టే ఇమామ్ జామిన్, శ్రావణ పూర్ణిమ నాడు రాఖీ - ఇవన్నీ దారంతో చెప్పిన మాటలే. నోటితో అన్న మాట వినినంతసేపే ఉంటుంది. ముడి వేసిన మాట కొంతకాలం కంటి ముందు నిలుస్తుంది. తెలుగులో 'ముడిపడు' అన్న మాటకు సంబంధం ఏర్పడుట అన్న అర్థం రావడం ఇందువల్లనే కాబోలు.

ఇట్టి దారాల కుటుంబంలో కడగొట్టుది స్నేహకంకణం. మన దేశంలో ఆగస్టు మాసపు మొదటి ఆదివారం నాడు విద్యార్థులు దీనిని ఒకరికొకరు కట్టుకుంటారు. ఐక్యరాజ్యసమితి 2011లో జులై 30వ తేదీని అంతర్జాతీయ స్నేహదినంగా ప్రకటించింది. బజారులో దొరికే కంకణం కొని కట్టడం ఒక పద్ధతి. రంగు దారాలను స్వహస్తాలతో ముడివేసి కట్టడం మరొక పద్ధతి. ఈ రెండవ పద్ధతిలోనూ అచ్చువేసిన నమూనాను చూచి చేయువారు కొందరు, ఏ నమూనా లేకుండా అప్పటికప్పుడు తోచిన విధంగా చేయువారు కొందరు. నమూనా లేని పని ఎట్లు సాగుతుంది, అది కేవలం ఇష్టారాజ్యమా, లేక దానికీ ఒక శాస్త్రం ఉన్నదా అన్న విషయాన్ని ఈ వ్యాసంలో మా అనుభవం మేరకు వివరింపదలచినాము.

మా అనుభవం

మా ఊరు బోరంచ. నారాయణఖేడ్ ప్రాంతంలో, మంజీరా తీరాన ఉన్న గ్రామం. నల్లపోచమ్మ గుడి వల్ల చుట్టుపక్కల వారందరికీ తెలిసిన ఊరు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగే వరకు నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. తరువాత మెదక్ జిల్లాలో చేరింది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. అందుచేత మా వైపు అంగడికి పోతే తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ, లంబాడీ మాటలు ఒకే చోట వినవస్తాయి. బేరం మాత్రం ఎవరికీ అర్థం కాకుండా పోదు.

మా కళాశాలలో తెలుగు తరగతులు ఒక వైపు, ఉర్దూ తరగతులు ఒక వైపు. కలిసి కూర్చునే సమయం తక్కువ. అయినను చేతిపనుల గంటలో మాకు ఉర్దూ విభాగానికి చెందిన ఒక మిత్రురాలు లభించినది. గత వేసవిలో ఆమె తండ్రిగారికి దూరప్రాంతానికి బదిలీ అయినది. ఆమె చదువు కూడ అక్కడికే మారవలసి వచ్చినది. మరునాటి ఉదయపు బస్సుకు ఆమె వెళ్ళిపోతుందనగా, మేము ముగ్గురము బోరంచలో కూర్చుని ఆమె చేతికొక కంకణం అల్ల సంకల్పించినాము. ఎరుపు, పసుపు, నీలం దారాలు ఉన్నాయి. ఒక నమూనా కాగితం కూడ ఉన్నది. దాని నిండా బాణపు గుర్తులు, అంకెలు.

తొమ్మిదవ వరుసలో ఒక ముడి తప్పుగా పడినది. ఆ సంగతి పదునాలుగవ వరుసకు వచ్చిన తరువాత గాని మేము గుర్తింపలేదు. సూదిమొనతో ముడులు విప్పుతుంటే దారం పోగులు రేగిపోయినవి. ఆ దారాలను పారవేసి మరల మొదలుపెట్టినాము. రెండవసారి ఏడవ వరుసలోనే తప్పు జరిగినది. అప్పటికి పొద్దు గుంకినది. ఇంకొక కంకణానికి సరిపడు దారం లేదు. కాగితం చూచువారు ఒకరు, లెక్క చెప్పువారు ఒకరు, ముడి వేయువారు ఒకరుగా ఉన్న మా ముగ్గురిలోనూ తప్పు ఎవరిదన్న వాదం కూడ బయలుదేరినది.

పక్కింటి అవ్వ తన అరుగు మీద కూర్చుని తెగిన ఉట్టిని బాగుచేసుకుంటున్నది. ఆమె మా గొడవ విని, కంకణాన్ని చేతిలోకి తీసుకుని, వెనుకకు తిప్పి చూచి, "తప్పితే ఏమాయె బిడ్డా? ఒక్కపారి పడితే తప్పు. ఇంకోపారి అట్లనే ఏస్తే పువ్వు" అన్నది.

ఆ మాటతో మేము కాగితాన్ని మడిచి పక్కన పెట్టినాము. తప్పిన ముడిని విప్పలేదు. రెండవ అంచున కూడ అదే విధంగా వేసినాము. తరువాత మరల మొదటి అంచున వేసినాము. నిజంగానే ఒక కొత్త రూపం కనిపించినది. దీపం వెలుగులో కంకణం పూర్తి అయినది. ఆ రాత్రి చేతితో తెలిసిన సంగతులను తరువాత నెమ్మదిగా విచారించి, వాటిలోని క్రమాన్ని కనుగొన్నాము. దానినే ఇక్కడ వ్రాయుచున్నాము.

సామగ్రి, తొలి ముడి

దీనికి కావలసినది ఎంబ్రాయిడరీ దారం. ఇది ఆరు సన్నని పోగులు కలిసిన నూలు దారం. ఒక లచ్చీలో సాధారణంగా 8 మీటర్ల దారం ఉంటుంది. మణికట్టుకు సరిపడు కంకణానికి రెండేసి మూరల పొడవున ఆరు దారాలు కత్తిరించుకుంటే చాలును. మూడు రంగులైతే రంగుకు రెండు చొప్పున తీసుకోవచ్చును. ఆరింటినీ ఒకచోట చేర్చి, పైన నాలుగు అంగుళాలు వదలి, ఒక ముడి వేయవలెను. ఆ ముడిని దిండుకు పిన్నీసుతో గుచ్చవచ్చును. మంచం నులకకు కట్టవచ్చును. ఏదీ లేకపోతే కాలి బొటనవేలికి తగిలించుకోవచ్చును.

పక్కపక్కనున్న రెండు దారాలను తీసుకొందము. ఎడమ దారాన్ని కుడి దారం మీదుగా వేస్తే అంకె 4 వంటి ఆకారం ఏర్పడుతుంది. ఎడమ దారపు కొసను కుడి దారం కిందుగా తెచ్చి, ఆ సందులోనుండి పైకి తీసి, కుడి దారాన్ని నిటారుగా బిగబట్టి, కొసను పైకి లాగవలెను. ఇది సగం ముడి. అదే దారంతో మరొకసారి ఇట్లే చేస్తే పూర్తి ముడి అవుతుంది. ఇందులో చుట్టుకొన్న దారాన్ని 'కట్టే దారం' అనియు, కదలకుండా ఉన్నదానిని 'నిలిచే దారం' అనియు వ్యవహరింతము. కంటికి కనిపించేది కట్టే దారపు రంగు మాత్రమే. నిలిచే దారం లోపల దాగి ఉంటుంది. నిలిచే దారాన్ని వదులు చేసి కట్టే దారాన్ని బిగించినచో ముడి తిరగబడి, దాగవలసిన రంగు బయటపడుతుంది. తొలిదినాలలో అందరూ చేసే తప్పు ఇదే.

ముడి పూర్తి అయిన తరువాత ఎడమనున్న దారం కుడికి చేరినదని గమనించవలెను. అనగా ప్రతి ముడిలోనూ రెండు సంగతులు నిర్ణయం కావలసి ఉన్నవి. మొదటిది, ఏ రంగు కనిపించవలెను? రెండవది, దారాలు చోటు మార్చుకోవలెనా, లేక ఉన్న చోటనే ఉండవలెనా? చోటు మార్చకుండ ఉండాలంటే మొదటి సగం ముడిని ఒక దిక్కుగా, రెండవ సగాన్ని తిరుగుదిక్కుగా వేయవలెను. అప్పుడు దారం వెళ్ళి, మరల తన చోటికి వస్తుంది. రెండు ప్రశ్నలు, ఒక్కొక్కదానికి రెండు సమాధానాలు. కనుక ముడులు మొత్తం నాలుగు రకాలు. ప్రపంచంలో ఈ పద్ధతిలో అల్లే స్నేహకంకణాలన్నీ, ఎంత చిత్రమైన పూలు, గీతలు ఉన్నవైనా, ఈ నాలుగు ముడుల కలయికలే.

నమూనా లేని నడక

నమూనా లేదనగా క్రమం లేదని అర్థం కాదు. నమూనా చూచువాడు తరువాతి ముడిని కాగితంలో వెదకుతాడు. నమూనా లేనివాడు దానిని చేతిలో ఉన్న అల్లికలోనే వెదకుతాడు. మేము ప్రతి వరుసకు ముందు మూడు విషయాలు చూచుకొంటాము.

మొదటిది, ఇప్పుడు అంచులలో ఏ దారాలు ఉన్నవి? అంచున ఉన్న దారానికే ఎక్కువ దూరం నడిచే అవకాశం ఉంటుంది. ఎడమ అంచు దారాన్ని తక్కిన అయిదింటితో వరుసగా ముడివేస్తూ పోతే అది కుడి అంచుకు చేరుతుంది. దాని రంగు ఏటవాలు గీతగా కనిపిస్తుంది. ఇట్లే ప్రతిసారి ఎడమ అంచు దారంతో చేస్తే ఆరు వరుసల తరువాత దారాలన్నీ మొదటి స్థానాలకు వస్తాయి. అట్లు కాక, కుడికి చేరిన దారాన్నే మరల ఎడమకు నడిపిస్తే గీత వంకర తిరిగి, పొలం గట్టు మీది కాలిబాట వలె ఉంటుంది. రెండు అంచుల దారాలనూ నడిమికి నడిపించి అక్కడ ఒకదానితో ఒకటి ముడివేస్తే బాణపుమొన వంటి ఆకారం వస్తుంది.

రెండవది, వెనుకటి వరుస ఏమి చెప్పినది? మనం ఎడమవైపు ఒక పని చేసి ఉంటే కుడివైపు దానికి జవాబు చెప్పవచ్చును. ఒక రంగు చాలాసేపటి నుండి దాగి ఉంటే దానిని బయటికి పిలువవచ్చును. ఒకే పని మూడుసార్లు చేసినచో చూచువారి కన్ను నాలుగవసారికి ఎదురుచూస్తుంది. అక్కడ దానిని ఇవ్వడమా, మార్చడమా అన్నది చేయువారి ఇష్టం. అవ్వ చెప్పిన మాట ఇక్కడనే పనికివస్తుంది. ఒంటరిగా ఉన్న తప్పును కన్ను తప్పుగానే చూస్తుంది. దానికొక జత కుదిరితే అది అమరికలో భాగమవుతుంది.

మూడవది, ఏ దారం ఎంత మిగిలినది? దీనిని నమూనా కాగితాలు చెప్పవు. కట్టే దారం త్వరగా ఖర్చవుతుంది. నిలిచే దారం ఇంచుమించు ఉన్నంతే ఉంటుంది. ఎప్పుడూ ఎరుపుతోనే కట్టిస్తే కంకణం సగంలో ఎరుపు అయిపోతుంది, తక్కినవి పొడవుగా వేలాడుతాయి. కనుక పొడవుగా ఉన్న దారానికి పని అప్పగించి, పొట్టిదానికి విశ్రాంతి ఇవ్వవలెను. మా కంకణంలో చివరి రెండు అంగుళాలలో నీలం ఎక్కువగా కనిపించడానికి కారణం అందమేమో అని మా మిత్రురాలు అనుకున్నది. వాస్తవానికి అప్పటికి మా వద్ద మిగిలినది నీలమే.

దారి తప్పినవారికి గణితం ఇచ్చే అభయం

నమూనా లేకుండ మొదలుపెట్టేవారికి కలిగే పెద్ద భయం ఒకటి ఉన్నది. "రంగులు చెల్లాచెదరైపోతే తిరిగి దారికి రావడం ఎట్లు?" అన్నదే ఆ భయం. దీనికి గణితశాస్త్రం చక్కని సమాధానం ఇస్తుంది.

ఆరు దారాలను పక్కపక్కన 720 విధాలుగా అమర్చవచ్చును. ప్రతి ముడీ పక్కపక్కనున్న రెండు దారాలను మార్చగలదు, లేదా ఉన్నట్లే ఉంచగలదు. అట్టి మార్పులతో ఏ అమరిక నుండి ఏ అమరికకైనను వెళ్ళవచ్చును. అందుకు కావలసిన చోటుమార్పులు ఎన్నటికీ 15 కంటె మించవు. వరుస పూర్తిగా తలకిందులైనప్పుడు మాత్రమే ఆ 15 కావలసి వస్తాయి. ఒక వరుసలో మూడు ముడులు, తరువాతి వరుసలో రెండు ముడులు చొప్పున వేసుకుంటూ పోతే ఆరు వరుసలలో సరిగ్గా 15 ముడులు పడతాయి. ఆ ఆరు వరుసలలో ఎంతటి చిక్కునైనను సరిచేయవచ్చును. కంకణం మీద అది ఒక అంగుళం మేర కూడ ఉండదు. విప్పవలసిన అగత్యం లేదు, పోగులు రేగవలసిన పని లేదు. ముందుకు నడుస్తూనే వెనుకటి క్రమానికి చేరుకోవచ్చును. ఈ సంగతి ఆ రాత్రి మాకు తెలిసి ఉంటే మొదటిసారి కత్తిరించిన దారాలు వ్యర్థమయ్యేవి కావు.

ఇక స్వేచ్ఛ ఎంత ఉన్నదో కూడ చూతము. మూడు, రెండు చొప్పున రెండు వరుసలలో 5 ముడులు. ఒక్కొక్క చోట నాలుగు రకాలలో దేనినైనా వేయవచ్చును కనుక ఈ రెండు వరుసలకే 1,024 విధాలు. పది వరుసలకు 25 ముడులు. అప్పుడు విధాల సంఖ్య పదకొండు కోట్ల కోట్లకు పైబడుతుంది. చూపునకు వీటిలో కొన్ని ఒకే తీరుగా ఉండవచ్చును. అయినను అచ్చయిన నమూనాలన్నింటినీ కలిపినా ఈ సముద్రంలో దోసెడు నీళ్ళే. ఇంత విశాలమైన చోట విహరించడానికి నాలుగు ముడులు, ఆరు దారాలు చాలుననుట ఆశ్చర్యకరం కాదా!

గిరహ్ వేయుట

మరునాడు తెల్లవారుజామున బస్సు వద్ద మేము కంకణం కట్టినప్పుడు మా మిత్రురాలు దానిని తిప్పి తిప్పి చూచి, "దీని నమూనా ఏది?" అని అడిగినది. నమూనా లేదని, జరిగినదంతా చెప్పినాము. ఆమె నవ్వి, "అయితే మీరు గిరహ్ వేసినారన్నమాట" అన్నది. ఆ మాటలోని లోతు మాకు అప్పుడు తెలియలేదు.

ఉర్దూలో గిరహ్ అనగా ముడి. పుట్టినరోజును సాల్‌గిరహ్ అంటారు, అనగా ఏటి ముడి. ఏడాదికొక ముడి చొప్పున తాడుకు వేసి వయస్సు లెక్కించిన ఆచారం ఆ పదంలో నిలిచి ఉన్నది. బట్టల కొలతలో గజానికి పదహారవ భాగాన్ని కూడ గిరహ్ అంటారు. అది రెండుంబావు అంగుళాలు. ఇవి గాక కవిత్వంలో మరొక అర్థం ఉన్నది. తరహీ ముషాయిరాలో ఒక పాదాన్ని ముందుగా ఇస్తారు. కవులందరూ అదే ఛందస్సులో, అదే అంత్యప్రాస నియమంతో గజళ్ళు చెప్పవలెను. ఇచ్చిన పాదానికి తన సొంత పాదాన్ని జతచేసి ద్విపద పూర్తి చేయడాన్ని 'గిరహ్ లగానా' అంటారు. అనగా ముడి వేయుట! ముందు లేని పాదాన్ని ఉన్న పాదానికి ముడివేయడమే కవి ప్రతిభ.

తెలుగులో మన అవధానం దీనికి తోబుట్టువు. సమస్యాపూరణంలో పృచ్ఛకుడు పొంతన లేనట్లు కనిపించే ఒక పాదం ఇస్తాడు. అవధాని దానికి తగిన తక్కిన పాదాలను కల్పించి, వింతగా ఉన్నదానిని సమంజసం చేస్తాడు. తప్పు ముడిని పువ్వుగా మార్చుట వంటిదే ఇది. నిషిద్ధాక్షరిలో కష్టం మరింత దగ్గరగా ఉంటుంది. అవధాని ఒక అక్షరం చెప్పగానే తరువాత రాదగిన అక్షరాన్ని పృచ్ఛకుడు నిషేధిస్తాడు. పద్యం మొత్తం ముందుగా ఊహించుకొని చెప్పడానికి వీలు లేదు. అక్షరం అక్షరానికి దారి వెదకుకోవలెను. అయినను గణం తప్పరాదు, యతి తప్పరాదు. తిరుపతి వేంకట కవులు ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో ఊరూర సభలు చేసి ఈ విద్యకు తెచ్చిన కీర్తి సుప్రసిద్ధం. ఛందస్సు తెలియనివాడు ఆశువుగా పద్యం చెప్పలేడు. నాలుగు ముడులు చేతికి రానివాడు నమూనా లేకుండ కంకణం అల్లలేడు. నియమం చేతికి పట్టువడిన తరువాతనే స్వేచ్ఛ. సంగీతంలో దీనినే మనోధర్మం అంటారు.

అంతమాత్రాన నమూనా హీనమైనదని మా అభిప్రాయం కాదు. మచిలీపట్నం కలంకారీ పనివారు చెక్కిన దిమ్మెలతో అద్దుతారు. శ్రీకాళహస్తి పనివారు కలం చేతబట్టి గుడ్డ మీద నేరుగా గీస్తారు. రెండూ గొప్ప కళలే. మన ఇంటి ముందు చుక్కల ముగ్గు ఈ రెంటికీ నడుమనున్నది. చుక్కలు లెక్క ప్రకారం పెట్టవలెను. గీత మాత్రం చేతి ఇష్టం. అయితే కాగితం చూచి చేసినదే విద్య, చేతికి తోచినది చేస్తే కాలక్షేపం అన్న భావం మన చదువులలో బలంగా ఉన్నది. దానితోనే మాకు పేచీ.

ముడుల ప్రపంచం

ముడి అక్షరం వలె పనిచేసిన దేశాలు కూడ ఉన్నవి. దక్షిణ అమెరికాలోని ఇన్కా సామ్రాజ్యంలో కీపూ అనే ముడుల తాళ్ళతో లెక్కలు వ్రాసుకొన్నారు. తాడు మీద ముడి ఉన్న స్థానాన్ని బట్టి ఒకట్లు, పదులు, వందలు తెలిసేవి. ఈ దశాంశ పద్ధతిని లేలండ్ లాక్ అనే పరిశోధకుడు 1912లో ప్రకటించిన వ్యాసంలోను, 1923లో వెలువరించిన గ్రంథంలోను వివరించినాడు.

ముడులతో అల్లిక చేసే కళకు నేడు మాక్రమే అన్న పేరు ప్రసిద్ధం. ఈ పదం రుమాలు, తువ్వాలు అన్న అర్థం గల మక్రమా అనే తురుష్క పదం ద్వారా అరబ్బీ మూలం నుండి వచ్చినదని నిఘంటుకారులు చెబుతారు. నేసిన గుడ్డ చివర మిగిలిన దారాలను విడిచిపెట్టక ముడులు వేసి అంచు చేయడమే దీని ప్రారంభ రూపం. ఇటలీ మీదుగా ఇది ఐరోపాలో వ్యాపించినది. 1882లో లండనులో దీనిపై ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చయ్యేనాటికి అక్కడి గృహాలలో ఇదొక పరిపాటి అయినది. రంగు దారాల స్నేహకంకణాలు 1980 తరువాతి దశకంలో అమెరికా యువజనులలో విశేషంగా ప్రచారమైనవి. మన వద్ద ఈ విద్యకు పుస్తకాల అవసరం లేకుండానే ఉనికి ఉన్నది. అవ్వ అల్లే ఉట్టి, మంచానికి పోసే నులక, హైదరాబాదు పాతనగరంలో పట్టుదారంతో నగలు గుచ్చే పట్వాల పని, తండాలలో లంబాడీ స్త్రీలు గవ్వలు చేర్చి వేలాడదీసే కుచ్చులు - వీటిలో వేటికీ అచ్చయిన కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నవారిని మేము చూడలేదు.

చేతికి కట్టే దారం ఒక మహాకార్యాన్ని మోసిన సందర్భం కూడ మన చరిత్రలో ఉన్నది. 1905 అక్టోబరు 16న బెంగాల్ విభజన అమలులోకి వచ్చిన దినాన రవీంద్రనాథ ఠాగూరు పిలుపు మేరకు కలకత్తా వీధులలో హిందువులు, ముస్లింలు ఒకరి మణికట్టుకు ఒకరు రాఖీ కట్టుకొన్నారు. అన్నాచెల్లెళ్ళ పండుగ దారానికి ఆనాడు కొత్త అర్థం ముడిపడినది. అది కూడ అప్పటికప్పుడు వేసిన గిరహ్ వంటిదే. విభజన రద్దు 1911లో ప్రకటింపబడినది. దారాలే దానిని రద్దు చేసినవని మేము చెప్పము. విడదీయబడుచున్న దినాన జనం తమ చేతులతో ఏమి చేయగలరో అది చేసి చూపినారని మాత్రం చెప్పగలము.

మా విన్నపం

విద్యార్థినీ విద్యార్థులకు మేము చెప్పదలచినది స్వల్పం. ముందు ఒక నమూనా చూచి చేయండి. నాలుగు ముడులు కండ్లు మూసుకొని వేయగలిగే వరకు చేయండి. తరువాత కాగితం పక్కన పెట్టి ఒక కంకణం ప్రయత్నించండి. మొదటిది అందంగా ఉండకపోవచ్చును. కాని ప్రతి ముడికి మీరే జవాబుదారులు కనుక, అది పూర్తి అయ్యేసరికి ఒక్కొక్క ముడి ఎందుకు వేసినారో మీకు తెలిసి ఉంటుంది. చూచి వ్రాసిన జవాబుకు, తెలిసి వ్రాసిన జవాబుకు ఉన్న భేదం ఇక్కడ వేళ్ళకే తెలుస్తుంది.

కళాశాల సంఘం పెద్దలకు ఒక విన్నపం. వార్షికోత్సవంలో జరిగే చేతిపనుల ప్రదర్శనలో నమూనాకు ఎంత దగ్గరగా వచ్చినదన్న దానిని బట్టి బహుమతులు ఇచ్చుట ఆచారం. దానితోపాటు నమూనా లేని అల్లికకు కూడ ఒక స్థానం కల్పింపవలసినదిగా కోరుచున్నాము. అందులో ఒక నియమం ఉంటే మేలు. ప్రతి కంకణాన్ని ఇద్దరు చేయవలెను. తెలుగు విభాగం నుండి ఒకరు, ఉర్దూ విభాగం నుండి ఒకరు. ఒక వరుస ఒకరు వేస్తే తరువాతి వరుస మరొకరు వేయవలెను. ఎదుటివారు వేసిన దానిని విప్పరాదు. దానికి తన వరుసను ముడివేయవలెను. పక్కన ఒక చీటీ మీద, ఎక్కడ తప్పు జరిగినది, దానిని ఎట్లు అమర్చుకొన్నారు అన్న సంగతి రెండు భాషలలో వ్రాసి పెట్టవలెను. ఇందుకయ్యే ఖర్చు కొన్ని లచ్చీల దారం మాత్రమే. చేతిపనుల గంటలో తప్ప కలిసి కూర్చోని ఇరు విభాగాల వారు కొంతసేపు ఒకే దిండు ముందు కూర్చుంటారు.

మా మిత్రురాలు ఉన్న ఊరినుండి ఒక ఉత్తరం వచ్చినది. కంకణంలో ఎరుపు వెలిసినదట, నీలం మాత్రం నిలిచినదట. కొత్త తరగతిలో పక్కన కూర్చునే అమ్మాయి మన తప్పు ముడి దగ్గర వేలు పెట్టి, ఇది ఎట్లు వేసినారని అడిగినదట. ఈమెకు ఆ అమ్మాయి భాష ఇంకా సరిగా రాదు. కనుక చెప్పడానికి బదులు, దారం తెచ్చి వేసి చూపినదట.